అద్దె కొట్టు, సొంత ఖాతా

2020 జూన్ 29 రాత్రి కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. అప్పటికి మన ఊళ్ళలో ఎంతోమంది కుర్రాళ్ళు, గృహిణులు, చేతిపనివాళ్ళు ఆ యాప్‌లో పేరు తెచ్చుకున్నారు. కొందరికి లక్షల్లో ఫాలోవర్లు. చీరలు అమ్మేవాళ్ళు, పచ్చళ్ళు అమ్మేవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఒకటి రెండు రోజుల్లో అంతా ఆగిపోయింది. వీడియోలు కనబడలేదు, వాటిని చూసే జనమూ కనబడలేదు. నిన్నటిదాకా తమను మెచ్చుకున్న ఆ లక్షల మందిలో నేరుగా ఫోన్ చేసి పలకరించగలిగింది ఎందరినని చాలామంది ఆ రోజే మొదటిసారి ఆలోచించారు.

ఆ వార్త విన్నప్పుడు నాకు మా వీధి చివరి కిరాణా కొట్టు శెట్టిగారు గుర్తొచ్చారు. ఆయన కొట్టు అద్దెది. ఒక ఏడాది ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. శెట్టిగారు సరుకంతా రెండు రిక్షాల్లో వేయించి, ఎర్ర గుడ్డ అట్టతో పొడుగ్గా ఉండే తన ఖాతా పుస్తకాన్ని మాత్రం చంకలో పెట్టుకుని నడిచి వెళ్ళారు. కొత్త కొట్టు రెండు వీధుల అవతల. వారం తిరక్కుండా మా వీధి వాళ్ళంతా అక్కడే సరుకులు తీసుకుంటున్నారు. ఎవరింట్లో ఎంతమంది, ఎవరు ఏ బియ్యం తింటారు, ఎవరింట్లో పెళ్ళి దగ్గర పడింది, అన్నీ ఆ పుస్తకంలోనో ఆయన మనసులోనో ఉండేవి. ఆయన పోగొట్టుకున్నది నాలుగు గోడలే.

ఈ అధ్యాయంలో మీకు చెప్పదలచింది ఈ ఒక్క మాటే. ఫోన్ తెర మీద మీరు పెట్టే కొట్టు అద్దెది. కొన్నవాళ్ళ పేర్లు, వాళ్ళ నమ్మకం ఉన్న ఖాతా మీ సొంతం. డిజిటల్ ప్రచారం నేర్చుకోండి, తప్పకుండా వాడండి. కానీ అద్దె కొట్టులో సంపాదించిన పరిచయాన్ని ఏ రోజుకారోజు సొంత ఖాతాలో రాసుకోండి.

మైకు కట్టిన ఆటో నుంచి చేతిలో ఫోన్ దాకా

కొత్త పద్ధతి అర్థం కావాలంటే పాతది ఒకసారి తలచుకోవాలి. ఒకప్పుడు పట్నంలో బట్టల కొట్టు తెరిస్తే ఆటోకు మైకు కట్టి వీధివీధీ తిప్పేవారు. కరపత్రాలు అచ్చు వేయించి పొద్దున్నే దినపత్రికల్లో పెట్టించేవారు. సినిమా హాల్లో విశ్రాంతి సమయంలో స్లైడ్ వేయించేవారు. లోకల్ కేబుల్ టీవీలో అడుగున అక్షరాలు పరుగెత్తించేవారు. ఖర్చు పెట్టేవారు కానీ, కొట్టుకు వచ్చిన పదిమందిలో ఎవరు కరపత్రం చూసి వచ్చారో, ఎవరు దారిన పోతూ వచ్చారో చెప్పలేకపోయేవారు.

అయినా తెలివైనవాళ్ళు ఆ రోజుల్లోనూ గురి చూసే కొట్టారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు సంగీత సభల్లో దాన్ని ఉచితంగా పంచిపెట్టారని చెబుతారు. ఒకచోట తీరిగ్గా కూర్చున్న జనం, చేతిలో చిన్న నమూనా, వాడి చూస్తే అక్కడికక్కడే తెలిసే గుణం. వస్తువు తన గురించి తానే చెప్పుకుంది. ఆ వ్యాపారం నిలబడ్డాక 1908లో ఆయనే ఆంధ్ర పత్రికను స్థాపించారు. ప్రకటనకూ పత్రికకూ ఉన్న బంధం మన భాషలో అంత పాతది.

తర్వాత ఈనాడు వచ్చింది. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఆ పత్రిక 1980ల చివర్లో జిల్లాకొక చిన్న అనుబంధం వేయడం ప్రారంభించింది. అందులో జిల్లా వార్తలతో పాటు జిల్లా ప్రకటనలకూ చోటు దొరికింది. రాష్ట్రమంతటికీ డబ్బు కట్టలేని చెప్పుల కొట్టు, ట్యుటోరియల్ కాలేజీ, నర్సింగ్ హోమ్ మొదటిసారి పత్రికకెక్కాయి. చిన్న వ్యాపారికి తన ఊరివాళ్ళకే చెప్పుకునే వీలు కలిగింది.

ఇంటర్నెట్ ఆ వీలును వీధి దాకా, ఆ మీదట మనిషి దాకా తెచ్చింది. వెబ్ పేజీ మీద తొలి బ్యానర్ ప్రకటనలు 1994లో అమెరికాలో కనిపించాయి. 2000లో గూగుల్ యాడ్‌వర్డ్స్ అనే తన ప్రకటనల సేవను తెచ్చింది. మన దగ్గర మాత్రం అసలు మలుపు 2016. ఆ ఏడాది సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. ఫోన్‌తోనే డబ్బు పంపే యూపీఐ కూడా ఆ ఏడాదే జనం చేతికొచ్చింది. చూడడం, అడగడం, కొనడం, చెల్లించడం నాలుగూ ఒకే తెర మీదికి చేరాయి.

మారినవి మూడు

మొదటిది, గురి. ఈ రోజు మీరు ప్రకటన ఇచ్చేటప్పుడు ఊరు, వయసు, భాష, ఆసక్తి ఎంచుకోవచ్చు. మంగళగిరిలో చేనేత చీరలు అమ్మేవారు విజయవాడ, గుంటూరు వరకే చూపించమనవచ్చు. హైదరాబాదులో ఉంటూ తెలుగు వీడియోలు చూసేవారికే చూపించమనవచ్చు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళకే చూపించమనీ అనవచ్చు. మైకు ఆటో దారిలో ఎదురైన ప్రతివారి చెవిలోనూ అరిచేది. ఇప్పుడు అవసరం ఉన్నవారి తలుపు మాత్రమే తట్టగలం.

రెండోది, లెక్క. ఎంతమందికి కనిపించింది, ఎంతమంది నొక్కి చూశారు, ఎంతమంది సందేశం పెట్టారు, అన్నీ అంకెల్లో తెలుస్తాయి. ఇందులో చిన్నవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. గూగుల్‌లో ప్రకటన స్థానం వేలంపాటలో తేలుతుంది. ఆ పాటలో ఎక్కువ డబ్బు పాడినవాడే ఎప్పుడూ గెలవడు. వెతికినవారికి ఆ ప్రకటన ఎంత పనికొస్తుంది, ఎంతమంది దాన్ని నొక్కుతారు అన్నదానికీ అందులో విలువ ఉంది. 2002 నుంచి గూగుల్ నడుపుతున్న పద్ధతి ఇదే. సూటిగా, నిజంగా, అవతలివారి అవసరానికి తగ్గట్టు రాసిన చిన్న ప్రకటన పెద్ద సంస్థ ప్రకటన పక్కన నిలబడగలదు.

మూడోది, అందరికీ నోరొచ్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి శ్రీరామ్ శ్రీకాంత్ మొదలుపెట్టిన మై విలేజ్ షో యూట్యూబ్ చానల్‌నే చూడండి. తెలంగాణ పల్లె మాట, పల్లె పని, పల్లె నవ్వు పెట్టుబడిగా అది పెరిగింది. వ్యవసాయ కూలీగా బతికిన గంగవ్వ ఆ వీడియోలతో ఇంటింటికీ తెలిసి 2020లో బిగ్‌బాస్ తెలుగు దాకా వెళ్ళింది. ఒకప్పుడు ఇంత గుర్తింపు రావాలంటే స్టూడియో కావాలి, చానల్ కావాలి, నగరం కావాలి. ఇప్పుడు ఊరు దాటకుండానే అది సాధ్యమైంది.

ఆ నోరు కొనేవారికి కూడా వచ్చింది. మీ దగ్గర కొని బాధపడ్డ మనిషి ఇదివరకు పక్కింటివాళ్ళకు చెప్పేవాడు. ఇప్పుడు మ్యాప్‌లో మీ కొట్టు పేరు కిందే ఒక్క స్టార్ ఇచ్చి రాస్తాడు. రేపు మీ దగ్గరికి రావాలనుకునేవారు ముందు దాన్ని చదువుతారు. మీ గురించి మీరు చెప్పుకునే మాట కంటే మీ గురించి వాళ్ళు చెప్పే మాటకే బరువెక్కువ.

అద్దె కొట్టు అని ఎందుకంటున్నాను

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ మనకు చోటు ఇస్తాయి. ఊరికే ఇచ్చినట్టు కనిపించినా అద్దె వసూలు చేస్తాయి. మీరు పెట్టిన వీడియో మీ ఫాలోవర్లందరికీ కనిపించదు. ఎవరికి, ఎప్పుడు, ఎంతమందికి చూపాలో వాళ్ళ అల్గారిథమ్ తేలుస్తుంది. ఎక్కువమందికి కనిపించాలంటే డబ్బు కట్టి బూస్ట్ చేయమంటుంది. నిబంధనలు మారితే మనతో సంప్రదించరు. పాస్‌వర్డ్ ఎవరైనా కొట్టేస్తే ఏళ్ళ కష్టం ఒక్క పూటలో వాళ్ళ చేతికి పోతుంది.

నాకూ ఒకసారి ఇది జరిగింది. పాఠకుల కోసం మూడేళ్ళు నడిపిన పేజీ ఒక ఉదయం తెరుచుకోలేదు. ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. ఆ పేజీలో వేలమంది ఉండేవారు. నా నోటు పుస్తకంలో పేరు, నంబరు ఉన్నవాళ్ళు 112 మంది. మళ్ళీ మొదలుపెట్టింది ఆ 112 మందితోనే. ఆ రోజు నుంచి ఈ పాఠం ఎక్కడ అవకాశం వచ్చినా చెబుతున్నాను.

చేయాల్సిన పనులు ఐదు

ఒకటి: ఒక్క వాక్యం రాయండి. మీరు ఎవరికి ఏం అమ్ముతున్నారో, వాళ్ళకు తీరే అవసరమేమిటో ఒకే వాక్యంలో రావాలి. "మా దగ్గర అన్ని రకాల పచ్చళ్ళు లభించును" అంటే ఎవరికీ పట్టదు. "హాస్టల్లో ఉన్న పిల్లలకు అమ్మ చేతి కారంతో ఆవకాయ, పావుకిలో సీసాల్లో పంపిస్తాం" అంటే ఒక తల్లి ఆగి చదువుతుంది. ఈ వాక్యం కుదిరేదాకా రూపాయి కూడా ప్రచారానికి పెట్టకండి.

రెండు: దారి చూపించండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ వ్యాపారాన్ని నమోదు చేయడం పూర్తిగా ఉచితం. పేరు, ఫోన్ నంబరు, తెరిచే వేళలు, కొట్టు ముందుభాగం ఫొటో పెట్టండి. చిరునామాలో జనం చెప్పుకునే గుర్తు రాయండి, రామాలయం ఎదురుగా అనో, పాత బస్టాండ్ వెనక అనో. మీ పేరు మ్యాప్‌లో పెడతాం, ఇంత కట్టండి అని ఫోన్ చేసేవారికి డబ్బు ఇవ్వకండి. ఆ పని మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలు చేయగలరు.

మూడు: ఖాతా తెరవండి. నోటు పుస్తకమైనా సరే, కంప్యూటర్‌లో పట్టికైనా సరే. కొన్న ప్రతివారి పేరు, నంబరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, మీ గురించి ఎలా తెలిసింది అనే ఐదు వివరాలు రాయండి. చిన్న వ్యాపారుల కోసం 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ ఇందుకు బాగా పనికొస్తుంది. ధరలతో వస్తువుల జాబితా పెట్టుకోవచ్చు. కొత్తవాళ్ళు, పాతవాళ్ళు, బాకీ ఉన్నవాళ్ళు అని గుర్తులు పెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాతో ఒకేసారి చాలామందికి పంపవచ్చు. అయితే మీ నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే ఆ సందేశం వాళ్ళకు చేరుతుంది. అందుకే సరుకు చేతికిచ్చేటప్పుడు "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, కొత్త సరుకు రాగానే చెబుతాం" అని నోరారా అడగండి. ఆ అడగడంలోనే అనుమతి ఉంది. అడగకుండా ఎక్కడో కొన్న నంబర్లకు సందేశాలు గుప్పించడం మర్యాద కాదు. పైగా ఇతరుల వ్యక్తిగత వివరాలను అనుమతితోనే వాడాలని 2023లో మన పార్లమెంటు చట్టమే చేసింది.

నాలుగు: పని చూపించండి. అందంగా మాట్లాడడం రాదని చాలామంది వీడియోకు జంకుతారు. మాట అక్కరలేదు, చేతులు చాలు. పచ్చళ్ళు పెట్టేవారైతే మామిడికాయ టెంకతో సహా ముక్కలు కొట్టడం, ముక్కల్ని గుడ్డతో తుడవడం, ఆవపిండి, కారం, ఉప్పు పాళ్ళు కలపడం, మూడో రోజు జాడీ తెరిచి తిరగకలపడం వరసగా నాలుగు చిన్న వీడియోలు తీయండి. నేతవారైతే పడుగు, పేక, రంగుల అద్దకం చూపండి. దర్జీ అయితే జాకెట్టు మెడ మలిచే పద్ధతి చూపండి. చూసినవారికి మీ పని మీద నమ్మకం కలుగుతుంది. వెలుతురు బాగుండాలి, ధర స్పష్టంగా ఉండాలి, చివర ఫోన్ నంబరు ఉండాలి. వారానికి రెండు చాలు. కానీ ఏ వారమూ మానకూడదు.

ఐదు: కొంచెం ఖర్చు పెట్టి పూర్తిగా లెక్క చూసుకోండి. ఊహకు ఒక లెక్క వేద్దాం. మీరు ప్రకటనకు 1,000 రూపాయలు పెట్టారు. 40 మంది సందేశం పంపారు. 8 మంది తలా కిలో పచ్చడి కొన్నారు. అంటే ఒక్కొక్కరిని తెచ్చుకోవడానికి 125 రూపాయలు అయింది. కిలో మీద మీకు మిగిలేది 150 అనుకుంటే, ప్రకటన ఖర్చు పోగా 25 రూపాయలే దక్కాయి. ఇక్కడే చాలామంది నిరాశపడి మానేస్తారు. ఇప్పుడు ఆ 8 మంది పేర్లు మీ ఖాతాలో ఉన్నాయనుకోండి. రెండు నెలల తర్వాత మీరు పంపిన ఒక్క సందేశంతో వాళ్ళలో 4 మంది మళ్ళీ కొన్నారు. ఈసారి ప్రకటన ఖర్చు లేదు. నలుగురి మీద 150 చొప్పున 600 రూపాయలూ మీవే. మొదటి అమ్మకంలో 8 మంది మీద కలిపి వచ్చింది 200. పేర్లు రాసుకోనివారికి మిగిలేది ఆ 200 మాత్రమే. ప్రతిసారీ కొత్తవాళ్ళను డబ్బు పెట్టి తెచ్చుకుంటూ అద్దె కడుతూనే ఉంటారు.

మరో జాగ్రత్త. ఆర్డరు పేరు చెప్పి, డబ్బు పంపుతున్నాం, పిన్ నొక్కండి అని ఎవరైనా అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు. పిన్ నొక్కితే పోయేది మన డబ్బే.

గీత దాటవద్దు

తెర మీద అబద్ధం చెప్పడం తేలిక. ఎదురుగా మొహం కనిపించదు కదా అనిపిస్తుంది. కానీ చట్టం చూస్తుంది, దానికంటే ముందు జనం చూస్తారు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. వస్తువు తయారుచేసినవారికే కాదు, దాన్ని పొగిడి ప్రచారం చేసినవారికీ ఇది వర్తిస్తుంది. డబ్బు తీసుకునో, ఉచితంగా వస్తువు తీసుకునో రీల్ చేసినవారు ఆ సంగతి చూసేవారికి స్పష్టంగా చెప్పాలి. మీరు ఎవరితోనైనా రీల్ చేయిస్తే ఆ మాట మీరే గుర్తుచేయండి.

"ఈ పొడి తింటే షుగర్ పోతుంది", "ఈ కషాయంతో క్యాన్సర్ నయం" అనే ప్రకటనలు పెట్టకండి. ఇలాంటివాటిని అడ్డుకోవడానికే 1954లో ఒక చట్టం వచ్చింది. ఆ మాట నమ్మి ఎవరైనా మందులు మానేస్తే జరిగే నష్టాన్ని మనం తీర్చలేం. తినే వస్తువులు అమ్మేవారు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేయించుకుని, ఆ 14 అంకెల నంబరును సీసా మీద అచ్చు వేయించండి. ఇంట్లో చేసి అమ్మినా ఇది తప్పదు. ఆ నంబరు కొనేవారికి ధైర్యం ఇస్తుంది.

"ఇంకా రెండే మిగిలాయి, త్వరపడండి" అని గోదాము నిండా సరుకు పెట్టుకుని రాయడం కూడా తప్పే. కొనేవారిని ఇలా తొందరపెట్టి, తికమకపెట్టి అమ్మే 13 రకాల పద్ధతులను 2023లో కేంద్రం గుర్తించి నిషేధించింది. చుట్టాలతో, స్నేహితులతో ఐదు స్టార్ల పొగడ్తలు రాయించకండి. ఒక నిజమైన ఫిర్యాదు వస్తే దాని కిందే మర్యాదగా జవాబు రాయండి. "అమ్మా, సీసా పగిలినందుకు క్షమించండి, ఇంకొకటి పంపిస్తున్నాం" అన్న ఒక్క జవాబు పది పొగడ్తల పెట్టు. దాన్ని చదివే కొత్తవారు, రేపు తమకు ఇబ్బంది వస్తే మీరు ఎలా ఉంటారో అందులో చూసుకుంటారు.

ఈ వారం మీ పని

సోమవారం మీ ఒక్క వాక్యం రాసి ముగ్గురికి చదివి వినిపించండి. మీరు ఏం అమ్ముతారో వాళ్ళు తిరిగి చెప్పలేకపోతే మార్చి రాయండి.

మంగళవారం మ్యాప్‌లో మీ వ్యాపారం నమోదు చేయండి. మీ పేరుతో ఇప్పటికే ఉంటే ఫోన్ నంబరు, వేళలు సరిచూడండి.

బుధవారం ఒక కొత్త పుస్తకం కొని, గడచిన ఆరు నెలల్లో మీ దగ్గర కొన్నవాళ్ళలో గుర్తున్నవారందరి పేర్లు రాయండి. ఇరవై మంది వచ్చినా మంచి మొదలే.

గురువారం ఆ ఇరవై మందిలో ఐదుగురికి ఫోన్ చేయండి. అమ్మడానికి కాదు. "మా వస్తువు ఎలా ఉంది, ఏం మార్చమంటారు" అని అడగండి. వాళ్ళు అన్న మాటలు అన్నట్టే రాసుకోండి. రేపు మీ ప్రకటనలో వాడాల్సింది ఆ మాటలే.

శుక్రవారం మీ పని చూపే అర నిమిషం వీడియో ఒకటి తీయండి.

శనివారం దాన్ని స్టేటస్‌లో, రీల్‌గా పెట్టండి. అడిగిన ప్రతివారికీ అదే రోజు జవాబు ఇవ్వండి.

ఆదివారం లెక్క చూసుకోండి. ఎందరు చూశారు, ఎందరు అడిగారు, ఎందరు కొన్నారు, ఎందరి పేర్లు ఖాతాలోకి ఎక్కాయి. ఈ నాలుగు అంకెల్లో చివరిది ప్రతి వారం పెరగాలి. మిగతా మూడూ ఒక వారం తగ్గినా కంగారుపడకండి.

ఇవాళ ఉన్న యాప్‌లు పదేళ్ళ తర్వాత ఉంటాయో లేదో ఎవరూ పూచీ పడలేరు. కొత్తవి వస్తాయి, వాటినీ నేర్చుకుందాం. ఎక్కడ జనం ఉంటే అక్కడ కొట్టు పెడదాం. కానీ ఒక కొట్టు ఖాళీ చేసి ఇంకొకదానికి మారే రోజున శెట్టిగారిలా చంకలో పెట్టుకుని వెళ్ళడానికి మీకొక పుస్తకం ఉండాలి. అందులో మొదటి పేరు ఈ రాత్రి పడుకునే ముందే రాయండి.